యార్డు షెడ్డులో మేమున్న చలికాలం

పత్తి పగిలే రోజుల్లో మా వాడలోని ఆడవాళ్లనూ పిల్లలనూ లారీల్లో ఎక్కించి, మండలంలోని మార్కెట్ యార్డులో దించారు. నాకప్పుడు పదమూడేళ్లు. అవ్వ చెయ్యి పట్టుకుని లారీ మీంచి దింపింది నేనే. మా నాయిన తల్లి ఆమె. నేల మీద కాళ్లు ఆనించి, రేకుల షెడ్డునూ దాని ముందున్న కాంటానూ చూసి ఆగిపోయింది.

"గిది కందులమ్మే జాగ గాదే? గీడికెందుకు తోల్కొచ్చిండ్రు మనలను?" అంది.

వయసులో ఉన్నప్పుడు ఆమె అదే యార్డులో కింద పోయిన గింజలు ఊడ్చి చెరిగే పనికి వచ్చేది. అందుకే ఆ జాగా ఆమెకు బాగా తెలుసు. అక్కడ మనుషులను ఉంచుతారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. మా వెంట వచ్చిన ఎస్సై, "మీ భద్రత కోసమేనమ్మా, నాలుగు రోజులు ఓపిక పట్టండి" అన్నాడు. గేటు వేసి, బయట ఇద్దరు పోలీసులను నిలబెట్టాడు.

మా ఊరు మక్తల్ దిక్కున, కృష్ణకు ఇవతల ఉంటుంది. నది దగ్గరే కానీ నీళ్లు మా చేలకు ఎక్కవు. వాన పడితే కంది, పత్తి, జొన్న. పడకపోతే పుణేకో బొంబాయికో వలస. మా తాత నడివయసు దాకా మాదిగ వాడలో ఎవరికీ జానెడు భూమి లేదు. ఆ తర్వాత సర్కారు ఇచ్చిన ఎర్రచెలక ముక్క మాకొకటి ఉంది, కొన్ని మేకలున్నాయి. రాష్ట్రం వచ్చిననాడు మా వాడలో కూడా రంగులు చల్లుకున్నాం. నాయిన ఆరోజు డప్పు మెడకు వేసుకుని చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాడు. మా ఊళ్లో ఆయనంత బాగా కొట్టేవాళ్లు లేరు.

గొడవ ఆ డప్పు దగ్గరే వచ్చింది. రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు ఊరి పటేలు తల్లి చనిపోయింది. పెద్దింట్లో ఎవరు పోయినా శవం లేచిన దగ్గర నుంచి వాగు దాటేదాకా మా వాళ్లు డప్పు కొట్టాలన్నది ఎప్పటి నుంచో ఉన్న కట్టు. ఈసారి వాడలో చదువుకున్న పిల్లలు కూచుని మాట్లాడుకున్నారు. పెళ్లికి మర్యాదగా పిలిస్తే పోదాం, చావుకు వెట్టి డప్పు కొట్టేది లేదన్నారు. పెద్దవాళ్లలో ముందుగా సరే అన్నది మా నాయినే. పటేలు పంపిన మనిషి మా వాకిట్లో నిలబడితే, "పటేలుకు చెప్పు, బ్యాండోళ్లను పిలిపించుకొమ్మను. మేం రాము" అన్నాడు. గొంతు పెంచలేదు. లోపలికి వచ్చి చెంబెడు నీళ్లు తాగాడు.

మర్నాటి నుంచి ఊళ్లో మాకు ఏదీ దొరకలేదు. కళ్ల ముందర బస్తా కనిపిస్తుండగానే కిరాణం దుకాణంలో ఉప్పు లేదన్నారు. కూలికి పిలవలేదు. ఆటో ఎక్కనివ్వలేదు. దసరా అట్లాగే పోయింది. ఒకనాటి సాయంత్రం మా చిన్నమ్మ జొన్నలు పట్టించుకు రావడానికి గిర్నీకి పోతే, తట్ట లాక్కుని గింజలు బాటలో పారబోశారు. చిన్నాయిన పోయి అడిగాడు. మాటా మాటా పెరిగి రాళ్ల దాకా వచ్చింది. పొద్దు గూకేలోపు వాడ మొదట్లో ఉన్న ఇళ్లు అంటుకున్నాయి. మా ఇంటి పైకప్పు పోయింది, మేకల కొట్టం పోయింది. గోడలు మిగిలాయి.

రాళ్లు మా వైపు నుంచి కూడా పడ్డాయి. ఈ మాట దాచితే మిగతాది చెప్పి లాభం లేదు. పటేలు ట్రాక్టరు నడిపే పిల్లగాడికి కణత మీద ఒక రాయి తగిలింది. వాడూ పేదింటి వాడే. పటేలు కొడుకులు వెనకాల ఉండి, పనివాళ్లను ముందుకు తోశారు. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే వాడి ప్రాణం పోయింది. ఆ రాయి ఎవరు విసిరారో ఎవరూ చూడలేదు. మా మగవాళ్లందరి మీదా కేసు పెట్టారు. చిన్నాయిన పోలీసులకు దొరికాడు. నాయిన చీకటి పడుతుండగా చేను దాటి, కృష్ణ దాటి, రాయచూరు దిక్కు పోయాడని తర్వాత తెలిసింది. పోయేముందు అమ్మతో ఏం చెప్పాడో నాకు తెలియదు. నా తల మీద చెయ్యి పెట్టి మాత్రం పోయాడు.

ఆ విధంగా వాడలో ఆడవాళ్లమూ పిల్లలమూ మిగిలాం. మమ్మల్ని ఊళ్లో ఉంచితే మళ్లీ ఏమైనా అవుతుందని యార్డుకు తెచ్చారు.

షెడ్డుకు మూడు వైపులా గోడలు లేవు. చీరలు కట్టి అడ్డం చేసుకున్నాం. నేల మీద ఎక్కడ చెయ్యి పెట్టినా కంది పొట్టు. రోజూ ఊడ్చినా రేకుల సందుల నుంచి మళ్లీ రాలేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వరసగా నిలబెట్టి లెక్క చూసేవారు. ఎవరైనా బయటికి పోతామంటే, "ఊళ్లో వాతావరణం ఇంకా చల్లబడలేదు" అనేవారు. ఆడవాళ్లకు అన్నిటికంటే కష్టమైంది బహిర్భూమి. షెడ్డు వెనక సర్కారు తుమ్మ చెట్లలోకి పోవాలంటే కూడా ఒక మహిళా కానిస్టేబుల్ వెంట రావాలి. ఆమెది నల్లగొండ దిక్కు, మోత్కూర్ అవతల ఏదో పల్లె. చిన్న వయసు. మేము చెట్ల చాటుకు పోతే ఆమె మా వైపు వీపు పెట్టి నిలబడి, ఫోన్‌లో తన బిడ్డ ఫోటో చూసుకుంటూ ఉండేది.

ఒకరోజు అమ్మ ఆమెను అడిగింది. "చెల్లె, మేం తప్పు చేసినోళ్లమా?"

"లేదక్కా."

"మరి గేటుకు తాళమెందుకు?"

ఆమె గేటు వైపు చూసింది. "నన్నడిగితే నేనేం చెప్త అక్కా? నన్నీడ నిలబడుమన్నరు, నిలబడ్డ" అంది.

తిండి బయటి నుంచి వచ్చేది. పెద్ద గంగాళంలో అన్నం, నీళ్ల పప్పు. మా దిక్కు ముసలివాళ్లు జొన్నరొట్టె తిని బతికినవాళ్లు. అవ్వకు రెండు పూటలా అన్నం తింటే కడుపు నిండినట్టు ఉండదు. ఒకరోజు మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పెట్టబోయింది. పక్క షెడ్డులో పత్తి బోరాలు ఉన్నాయని, మంట పెట్టొద్దని పోలీసులు రాళ్లు తీసేశారు. అవ్వ నా వైపు తిరిగి, "మన ఇండ్లు గాలినప్పుడు వీళ్లకు మంటంటే భయం లేకుండెనా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

మమ్మల్ని చూడటానికి చాలామంది వచ్చారు. తెల్లబట్టల వాళ్లు, కెమెరాల వాళ్లు, దుప్పట్లు పంచేవాళ్లు. వచ్చినవాళ్లందరూ పిల్లలకు అరటిపండ్లో బిస్కెట్లో ఇచ్చి, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసుకునేవారు. ఒకాయన అవ్వ చేతిలో పండ్లు పెట్టి, "పెద్దమ్మా, ఇంకేం కావాలె?" అన్నాడు. కెమెరా ఆమె మొహం మీద ఉంది.

"మా ఊరికి పోవాలె."

"పోదురులే. ఇంకేమన్న?"

"గంతకంటె ఏం లేదు బిడ్డా. మేకలు ఏమైనయో ఎర్క లేదు. పత్తి రాలిపోతాంది. నా పెద్ద కొడుకు ఏడున్నడో ఎర్క లేదు. పండ్లు పిల్లలకు ఇయ్యి."

ఆయన పక్కవాళ్లతో ఏదో మాట్లాడుకుంటూ ముందుకు పోయాడు. అవ్వ ఆ పండ్లు నా ఒళ్లో పెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంది.

మాలో అందరికంటే చిన్నవాడు చిన్నమ్మ కొడుకు. ఇంకా పాకడం కూడా రాలేదు. ఇల్లు అంటుకున్న సాయంత్రం నుంచి చిన్నమ్మకు పాలు ఇంకిపోయాయి. డబ్బా పాలు తెచ్చిచ్చారు కానీ అవి పిల్లవాడికి పడలేదు. తాగింది తాగినట్టే కక్కేవాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి ఏడుపు కూడా సన్నగా వచ్చేది. చిన్నమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని, చిన్నాయిన ఉన్న జైలు ఎటువైపుందో అడిగి అటు తిరిగి కూచునేది.

ఒక మధ్యాహ్నం యార్డు ప్రహరీ అవతల మంద పోతున్న చప్పుడు వినిపించింది. అది మామూలే, ఆ దారిన గొర్లు పోతూనే ఉంటాయి. అయితే అమ్మ చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది. "అది మన మేక" అంది. నాకు అన్ని అరుపులూ ఒకటే అనిపించాయి. అమ్మ గోడ దగ్గరికి ఉరికింది. ఇటుకలు రాలిపోయిన చోట పిడికిలి పట్టేంత సందు ఉంది. దాంట్లోంచి చూసి, "మనయే. నాలుగూ మనయే" అని నోరు మూసుకుని ఏడ్చింది.

మంద తోలుతున్నది మా ఊరి గొర్ల పెద్దమ్మ. ఆమెను నేను అట్లాగే పిలిచేదాన్ని. మొగుడు పోయాక మందను ఒక్కతే చూసుకునేది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పెద్ద గొంతు. ఊరి నుంచి అంత దూరం మందను తోలుకు రావాల్సిన పని ఆమెకు లేదు. గోడకు దగ్గరగా వచ్చి, మా వైపు చూడకుండా, గొర్లను అదిలిస్తున్నట్టే మాట్లాడింది.

"మీ కొట్టం కాలినంక నాలుగూ చెల్కల తిరుగుతుంటె నా మందల కలుపుకున్న. ఫికర్ జెయ్యకు."

"ఊరోళ్లు ఏమంటలేరా అక్కా?" అని అమ్మ అడిగింది.

"అంటనే ఉన్నరు. అననీ. పిల్లగాడెట్లున్నడు?"

అమ్మ జరిగింది చెప్పింది. పెద్దమ్మ చుట్టూ చూసి, కూచుని, మా మేకల్లో ఈనిన దాన్ని పట్టుకుని పాలు పిండింది. గిన్నె సందులో పట్టలేదు. నీళ్ల సీసాలో పోసి లోపలికి తోసింది. ఆ పాలలో నీళ్లు కలిపి కాచాలంటే పొయ్యి లేదు. మహిళా కానిస్టేబుల్ ఆ సీసాను చూసింది. ఎక్కడిదని అడగలేదు. గేటు బయట చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయి తనే కాచి తెచ్చింది.

పిల్లవాడు ఆ పాలు కక్కలేదు. అప్పటి నుంచి పెద్దమ్మ రెండు మూడు రోజులకొకసారి మందను అటే తోలుకొచ్చేది. రాని రోజు చిన్నమ్మ గోడ దగ్గరే కూచుని ఉండేది. పిల్లవాడి కాళ్లలో మెల్లమెల్లగా బలం వచ్చింది. వాడు మొదటిసారి బోర్లా పడింది ఆ షెడ్డులోనే, కంది పొట్టు మీద.

ఒకసారి పెద్దమ్మ అవ్వ కోసం జొన్నరొట్టెలు కూడా బట్టలో చుట్టి తెచ్చింది. అవ్వ రొట్టె ముక్కను నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. చలి, ఆ పొట్టు రెండూ కలిసి ఊపిరి ఆడనివ్వలేదు. దవాఖాన నుంచి డాక్టరు వచ్చి గొట్టం పెట్టి చూసి, పెద్ద దవాఖానకు పంపుదామన్నాడు. అంబులెన్స్ వచ్చింది. అవ్వ ఎక్కలేదు.

"ఆడికి పోతె నన్ను మల్ల మా ఊరికి ఎవలు తెస్తరు? నా కొడుకులిద్దరు లేరు" అంది.

అమ్మ బతిమాలింది, కోప్పడింది. అవ్వ షెడ్డు కంబాన్ని పట్టుకుని వదల్లేదు. అంబులెన్స్ కాసేపుండి పోయింది. ఆ సాయంత్రం అవ్వ అమ్మను దగ్గర కూచోబెట్టుకుంది. నేను కాళ్లు పిసుకుతున్నాను.

"నాకేమన్న అయితె గీడ పెట్టకుండ్రి. మీ మామ పక్కపొంటి జాగున్నది. ఆడ పెట్టుండ్రి."

"ఏం గాదు అత్తమ్మా. గట్ల మాట్లాడకు."

"అయితది బిడ్డా. మొగోళ్లు లేరని ఆగకుండ్రి."

అవ్వ ఆదివారం ప్రార్థనకు పోయేది, మంగళవారం ఎల్లమ్మకు దీపం పెట్టేది. రెండింటిలో దేన్నీ వదులుకోవాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. క్రిస్మస్ నాడు షెడ్డులో ఆడవాళ్లు పాటలు పాడుతుంటే లేచి కూచుని, ఊపిరి అందినంత వరకు తనూ కలిసి పాడింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకే, తెల్లారి చాయ్ వచ్చే వేళకు, నేను లేపితే లేవలేదు. చెయ్యి పట్టుకుని చూశాను. నేను పిలవకముందే అమ్మే నా మొహం చూసి వచ్చింది.

ఏడుపులు విని పోలీసులు లోపలికి వచ్చారు. కాసేపటికి ఎస్సై జీపులోంచి దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"చూడమ్మా, ఈ ఊరి చివర శ్మశానం ఉంది. అన్ని ఏర్పాట్లు మేం చేయిస్తం. వ్యాను పిలిపిస్త."

అమ్మ కింద కూచునే, "మా అత్తను మా ఊర్ల పెడ్తం సారూ" అంది.

"ఊళ్లోకి ఇప్పుడు పంపలేనమ్మా. శవం పోయిందంటే మళ్లీ లొల్లి అవుతది. పైనుంచి పర్మిషన్ లేదు."

"సచ్చినోళ్లకు గూడ పర్మిషనా?"

"మోయడానికి మీ మగవాళ్లు కూడా లేరు. ఎట్ల పోతరు?"

అమ్మ లేచి నిలబడింది. ఆమె పొట్టి మనిషి. ఎస్సై భుజం దాకా కూడా రాదు. "మేం మోస్తం" అంది.

మా దగ్గర ఆడవాళ్లు శవాన్ని మోయరు. వాగు దాకా కూడా పోరు, ఊరి చివర ఆగిపోతారు. అందుకే అమ్మ ఆ మాట అనగానే మాలోనే కొందరు ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె, "గట్ల చెయ్యొచ్చునా పిల్లా?" అంది. అమ్మ యార్డులో పడి ఉన్న రెండు వెదురు బొంగులు తెచ్చి, గోనె పట్టా పరిచి ముడులు వేయడం మొదలుపెట్టింది. చిన్నమ్మ పిల్లవాణ్ణి నాకిచ్చి అవతలి ముడి పట్టుకుంది. గట్ల చెయ్యొచ్చునా అని అడిగిన ముసలామె కూడా కాసేపటికి వచ్చి, ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ కట్టింది.

అవ్వకు స్నానం చేయించి, దుప్పట్లు పంచినవాళ్లు ఇచ్చిన కొత్త తెల్ల దుప్పటి కప్పారు. నలుగురు ఎత్తుకున్నారు. ముందు అమ్మ, చిన్నమ్మ. వాళ్ల వెనక మేమంతా మా మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాం. ఎవరూ చెప్పలేదు మూటలు తీసుకొమ్మని. ఒకరు తీసుకుంటే చూసి అందరం తీసుకున్నాం.

గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ ఉంది. వెనక నుంచి ఎస్సై, "ఆపండి వాళ్లను" అని అరిచాడు. ఆమె గేటుకు అడ్డంగా నిలబడింది. పాడె ఆమె ముందుకు వచ్చి ఆగింది. ఆమె అవ్వ మొహం వైపు చూసింది. అవ్వ ఆమెకు రోజూ దండం పెట్టేది, ఆమె వద్దనేది. కానిస్టేబుల్ పక్కకు జరిగింది. తాళం అప్పటికే తీసి ఉంది, చాయ్ బండివాడు వచ్చిపోయాడు కనుక. ఎస్సై పరుగెత్తుకొచ్చేసరికి మేము రోడ్డు మీద ఉన్నాం. ఆడవాళ్లు మోస్తున్న శవాన్ని నడిరోడ్డు మీద ఆపడానికి అతనికి కూడా చేతులు రాలేదనుకుంటాను. ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడి, చివరికి జీపెక్కి మా వెనక మెల్లగా నడిపించుకుంటూ వచ్చాడు.

మా ఊరికి ఒక పూట నడక. భుజాలు మార్చుకుంటూ మోశారు. బొంగు ఒరుసుకుని అమ్మ భుజం మీద చర్మం లేచిపోయింది. నేనూ ఒకచోట భుజం ఇచ్చాను. ఎత్తు సరిపోక పాడె వంగితే, అమ్మ వద్దని పక్కకు జరిపింది. దారి పొడుగునా చేలల్లో పత్తి ఏరుతున్న కూలివాళ్లు లేచి నిలబడి చూశారు. కొందరు చేతులు జోడించారు. బస్సు ఒకటి ఆగి మాకు దారి ఇచ్చింది. డప్పు లేదు. అప్పటిదాకా మా వాడలో మనిషి డప్పు లేకుండా పోవడం నేను చూడలేదు.

ఊరు దగ్గరపడుతున్నకొద్దీ నేను అమ్మకు దగ్గరగా జరిగి నడిచాను. వాగుకు పోవాలంటే పటేలు ఇంటి ముందు నుంచే పోవాలి. ఆ వీధిలో తలుపులు తెరిచే ఉన్నాయి, మనుషులు గడపల్లో నిలబడి ఉన్నారు. ఎవరూ రాయి ముట్టుకోలేదు. ట్రాక్టరు పిల్లగాడి తల్లి తన ఇంటి అరుగు మీద కూచుని ఉంది. నెత్తి మీద కొంగు లేదు. మేము ఆమె ముందు నుంచి పోయేటప్పుడు అమ్మ తల వంచుకుంది. ఆ తల్లి తల వంచుకోలేదు. మమ్మల్ని చివరి మనిషి దాకా చూసింది.

వాగు అవతల తాత సమాధి పక్కన పాడె దించాం. అప్పుడు గానీ మాకు గుర్తు రాలేదు, తవ్వడానికి ఏమీ లేదని. మా పారలూ గడ్డపారలూ ఇళ్లతో పాటే పోయాయి. అమ్మ ఒక రాయి తీసుకుని నేలను గోకింది. మొరం నేల, ఎండకు బిగిసిపోయి ఉంది. ఎస్సై, "ఎవరినైనా పిలిపిస్త ఉండండి" అంటున్నాడు. అంతలో ఊరి వైపు నుంచి ఒక మనిషి వాగులో దిగి రావడం కనిపించింది. గొర్ల పెద్దమ్మ. భుజం మీద గొంగడి బదులు గడ్డపార, చేతిలో పార.

అందరూ చూస్తుండగానే వచ్చింది. గోడ దగ్గర మాట్లాడినట్టు మొహం తిప్పుకుని కాదు. పార అమ్మ చేతికిచ్చి, తను గడ్డపార ఎత్తి మొదటి పోటు వేసింది.

"నువ్వు జరుగు బిడ్డా. రాళ్లున్నయి కింద" అంది నాతో.

ఆడవాళ్లు వంతులవారీగా తవ్వారు. చిన్నపిల్లలు చేతులతో మట్టి తోడారు. మహిళా కానిస్టేబుల్ కూడా జీపులో వచ్చింది. ఆమె కాసేపు నిలబడి చూసి, వాగులోకి పోయి బిందెతో నీళ్లు తెచ్చి అందరికీ తాగించింది. గుంత లోతయ్యేసరికి పొద్దు వాలింది. ప్రార్థన చేయడానికి పాస్టరు లేడు. అమ్మే కళ్లు మూసుకుని, "అయ్యా, మా అత్త వస్తాంది. అలిసిపోయింది. జర మంచిగ సూసుకో" అంది. అంతే. మట్టి వేశాం.

ఎస్సై అమ్మ దగ్గరికి వచ్చి, "అయిపోయింది గదమ్మా. ఇగ నడవండి. లారీ చెప్పిన" అన్నాడు.

"మేము రాము సారూ."

"ఇళ్లకు కప్పులు లేవు. ఎట్ల ఉంటరు?"

"షెడ్డుకు గోడలు లేకుండె. ఇండ్లకు గోడలన్న ఉన్నయి" అంది అమ్మ. వాగు దాటి వాడలోకి నడిచింది. అందరం ఆమె వెనకే నడిచాం. ఇంటి లోపల బూడిద మీద గడ్డి మొలిచి ఉంది. చిన్నమ్మ ఒక మూల ఊడ్చి పిల్లవాణ్ణి పడుకోబెట్టింది. ఎస్సై చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. చివరికి ఊరి బడిలో పోలీసు కాపలా పెట్టారు. మాకు పైన కప్పుకోవడానికి టార్పాలిన్లు వచ్చాయి.

మరుసటి రోజు పెద్దమ్మ మా మేకలను తోలుకొచ్చి వాకిట్లో కట్టేసింది. ఇంకొకటి మధ్యలో ఈనిందట, పిల్ల కూడా ఉంది. ఇంత చేసినందుకు ఆ ఏడు పటేలు వాళ్లు ఆమె మందను తమ చేలల్లో నిలపనివ్వలేదు. ఎరువు కోసం ప్రతి ఎండాకాలం పిలిచి మరీ నిలిపించుకునేవాళ్లు. ఆమె మందను తోలుకుని కర్ణాటక దిక్కు పోయి, వానలకు గానీ తిరిగి రాలేదు. "నాకు ఏడైనా గడ్డే గద" అని నవ్వింది అమ్మ అడిగితే. కానీ ఆ ఎండాకాలంలో ఆమె చాలా చిక్కిపోయింది.

మా చేలో సగం పత్తి రాలి మట్టి పట్టింది. మిగిలిన సగం అమ్మా నేనూ ఏరాం. నాయిన ఉగాది ముందు తిరిగొచ్చాడు. రాయచూరు దగ్గర రైసు మిల్లులో బస్తాలు మోశాడట. తల్లి పోయిన సంగతి ఆయనకు అక్కడే తెలిసింది, రావడానికి వీలు లేకపోయింది. వచ్చిన రోజు ఇంట్లోకి రాకముందే వాగు దగ్గరికి పోయాడు. మర్నాడు తనంతట తానే స్టేషన్‌కు పోయి లొంగిపోయాడు. వానలు పడేదాకా జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. చిన్నాయిన నాయినకంటే ముందే వచ్చాడు. అప్పటికి ఆయన కొడుకు నడుస్తున్నాడు. తండ్రిని చూసి ఏడ్చి చిన్నమ్మ వెనక దాక్కున్నాడు.

తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టుకు తిరిగారు. ఇళ్లు కాల్చిన కేసు, పిల్లగాడి చావు కేసు, రెండూ పక్కపక్కనే నడిచాయి. మా ఊరికి ఒకటే బస్సు కనుక రెండు వైపుల వాళ్లమూ అదే బస్సులో పోయి, అదే బస్సులో వచ్చేవాళ్లం. పటేలు కొడుకులు కారులో వచ్చేవారు. చివరికి ఏ కేసులోనూ సాక్ష్యం నిలబడలేదు. అందరినీ వదిలేశారు.

తీర్పు వచ్చిన రోజు నేను కూడా వెంట పోయాను. అప్పటికి నర్సింగ్ చదువుతున్నాను. నాయినా చిన్నాయినా పనుండి వకీలు దగ్గరే ఆగిపోయారు. అమ్మా నేనూ ముందుగా బస్టాండుకు వచ్చి బల్ల మీద కూచున్నాం. కాసేపటికి ట్రాక్టరు పిల్లగాడి తల్లి వచ్చింది. కూచోవడానికి వేరే జాగా లేదు. అమ్మ జరిగింది. ఆమె కూచుంది. చాలాసేపు ముగ్గురం రోడ్డు వైపే చూస్తూ ఉన్నాం.

ఆమె ముందు మాట్లాడింది, అమ్మ వైపు తిరగకుండానే.

"నా కొడుకును ఎవలు కొట్టిండ్రో నీకెర్కనా?"

"నాకెర్క లేదక్కా. నా బిడ్డ మీద ఒట్టు, నాకెర్క లేదు."

"నీ మొగనికి?"

అమ్మ, "నేనెన్నడు అడగలే" అంది.

ఆ తల్లి తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "అడగకు" అంది. "ఇగ ఇప్పుడు ఎర్కయితె నేనేం జెయ్యాలె? మల్ల నిద్ర పట్టదు నాకు. కోడలు ఆనాడే తల్లిగారింటికి పోయింది. నేనొక్కదాన్నే ఉన్న ఇంట్ల."

అమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. బస్సు వచ్చింది. ముగ్గురం ఎక్కాం. ఆమె ముందు సీట్లో కూచుంది, మేము వెనక.

నాయినను నేను కూడా ఎన్నడూ అడగలేదు. ఆయన మళ్లీ డప్పు పట్టలేదు. మా వాడలో ఇప్పుడు పిల్లలు పెళ్లిళ్లకు కొడతారు, బాగానే కొడతారు. ఊళ్లో ఎవరు పోయినా పక్క ఊరి నుంచి బ్యాండు వస్తుంది. మా ఇంటికి స్లాబు పడింది. గొర్ల పెద్దమ్మ మందను అమ్మేసి కూతురి దగ్గర ఉంటోంది. ఊరికి వచ్చినప్పుడు మా ఇంట్లోనే తింటుంది. నేను మహబూబ్‌నగర్‌లో దవాఖానలో పనిచేస్తున్నాను. సెలవు దొరికితే ఊరికి పోతాను. పోయినసారి పోయినప్పుడు అమ్మ ఇంట్లో లేదు. ట్రాక్టరు పిల్లగాడి తల్లికి జ్వరం వచ్చి పడుకుంటే, ఆమెకు జొన్నగట్క వండి తీసుకుపోయిందని చిన్నమ్మ చెప్పింది.